జాబితాలో లేని చికిత్స

మా మొహల్లా మస్జిద్‌లో బైతుల్ మాల్ కమిటీ ఒకటి ఉంది. జకాత్, సదకా సొమ్ము సేకరించి, ఇంటింటి పరిస్థితి విచారించి, అర్హులకు అందజేయడం దాని పని. పేరు పెద్దదే గాని, నిధి ఏనాడూ లక్ష రూపాయలు దాటి ఎరుగదు. గత సంవత్సరం ఒకే శుక్రవారం నాడు ఆ కమిటీ ముందుకు రెండు దరఖాస్తులు వచ్చాయి. ఆ రెంటినీ తేల్చడానికి మాకు నెల రోజులు పట్టింది. ఆ నెల రోజులలో నేను తెలుసుకున్న సంగతులే ఈ మాసపు శీర్షికకు విషయం.

మొదటి దరఖాస్తు ఒక ఖాలాది. అరవై దాటిన వితంతువు. బీడీలు చుట్టి నలుగురు పిల్లలను పెంచి పెద్దచేసిన ఇల్లాలు. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పితో బాధపడుతున్నారు. మోకాలిలో చిన్న రంధ్రం చేసి, సన్నని కెమెరా గొట్టం పంపి, కీలు లోపల కడిగి, అరిగిన మృదులాస్థిని గీకి శుభ్రం చేస్తే నొప్పి పోతుందని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చెప్పారు. ఖర్చు 45,000 రూపాయలు. బీమా కార్డు చూపితే, ఈ వ్యాధికి ఈ చికిత్స జాబితాలో లేదన్నారు. రెండవ దరఖాస్తు ఆటో నడుపుకునే ఒక సోదరునిది. ఆయన పదకొండేళ్ల కుమారునికి మొదటి రకం మధుమేహం. ఇన్సులిన్ సర్కారు దవాఖానాలో దొరుకుతోంది గాని, రోజుకు నాలుగుసార్లు వేలికొస గుచ్చి రక్తంలో చక్కెర చూసుకునే పరీక్ష పట్టీలు బయట కొనవలసిందే. వాటికి నెలకు 2,500 రూపాయల దాకా అవుతుంది.

సభ్యులందరి మొగ్గు ఖాలా వైపే ఉంది. నాదీ అంతే. ఆపరేషన్ అంటే కంటికి కనబడే కార్యం, పెద్దావిడ దుఆ కూడా దక్కుతుంది. పట్టీల మాట వచ్చేసరికి, రోజుకు రెండుసార్లు చూసుకుంటే చాలదా అని ఒక సభ్యుడు అన్నారు. ఆయన దురుద్దేశంతో అనలేదు, ఇంట్లో మధుమేహ బాలుడు లేనివారు ఎవరైనా అలాగే అంటారు. సంతకాలకు ముందు ఖాలాను ఒకసారి పలకరించి వద్దామని వెళ్లాను. ఆమె అన్న ఒక్క మాట నన్ను ఆపివేసింది. "పేదదాని మోకాలు కాబట్టే లిస్టులో రాయలేదు బేటా. డబ్బున్నోళ్ల మోకాలైతే రాసి ఉండేవాళ్లు" అన్నారు.

నిజంగా అందుకేనా? ఏ చికిత్సకు డబ్బు చెల్లించాలో, దేనికి చెల్లించరాదో ఎవరు, దేనిని చూసి నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ పోతే దారి అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి తీసుకువెళ్లింది.

హ్యూస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో బ్రూస్ మోస్లీ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. మోకాలి అరుగుదలకు కీలు కడిగే ఈ ఆపరేషన్ ఆ రోజులలో అమెరికాలో ఏటా ఆరున్నర లక్షలకు పైగా జరిగేది, ఒక్కొక్క దానికి సుమారు 5,000 డాలర్లు. చేయించుకున్నవారిలో చాలామంది నొప్పి తగ్గిందనే చెప్పేవారు. ఆ తగ్గుదల కత్తి వల్లనా, కత్తి పడిందన్న నమ్మకం వల్లనా అని మోస్లీ బృందం పరీక్షకు పూనుకుంది. 180 మంది రోగులను చీట్ల పద్ధతిలో మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి కీలు కడిగారు, రెండవ వర్గానికి కడిగి గీకారు, మూడవ వర్గానికి మత్తు ఇచ్చి, చర్మంపై కోతలు మాత్రం పెట్టి, లోపల ఏమీ చేయకుండా కుట్టివేశారు. ఎవరు ఏ వర్గమో రోగులకు తెలియదు. తమకు ఉత్తుత్తి ఆపరేషన్ జరగవచ్చునని వారు ముందుగానే తెలిసి, ఒప్పుకొని, రాసి ఇచ్చినవారే. రెండేళ్లపాటు వారి నొప్పినీ, నడకనూ, మెట్లు ఎక్కే శక్తినీ కొలిచారు. 2002లో ఫలితం ప్రకటించారు. మూడు వర్గాల మధ్య తేడా లేదు. 2008లో కెనడాలో జరిగిన మరొక పరిశోధన, మందులూ వ్యాయామమూ పొందినవారికి అదనంగా ఈ ఆపరేషన్ చేసినా ఒరిగింది లేదని తేల్చింది.

ఈ ఫలితాలు వైద్య పత్రికలలో పడి ఉంటే ఎవరికి ప్రయోజనం? వాటిని డబ్బు చెల్లించే చోటికి తీసుకురావడానికి అమెరికా వాయవ్య మూలన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం ఒక పద్ధతి ఏర్పరచుకుంది. మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు వేలాదిగా స్థిరపడిన సియాటిల్ ఉన్నది ఆ రాష్ట్రంలోనే. 2006లో అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. ప్రభుత్వ ఉద్యోగులకు, పేదల మెడికెయిడ్ పథకానికి, పనిలో గాయపడిన కార్మికులకు రాష్ట్రం చెల్లించే వైద్య ఖర్చులలో సందేహాస్పదమైన చికిత్సలను పదకొండుమంది సభ్యుల సంఘం పరిశీలిస్తుంది. ఆరుగురు వైద్యులు, ఐదుగురు ఇతర వైద్యవృత్తులవారు, అందరూ నిత్యం రోగులను చూసేవారే. పరికరాలు తయారుచేసే సంస్థల కొలువులో ఉన్నవారు గాని, డబ్బు చెల్లించే ప్రభుత్వ శాఖల ఉద్యోగులు గాని సభ్యులు కారాదు. నా దృష్టిలో ఆ చట్టం మొత్తానికీ విలువైన నిబంధన ఇదే. అమ్మేవాని మనిషీ, ఖర్చు మిగుల్చుకునేవాని మనిషీ ఇద్దరూ తీర్పరుల స్థానంలో కూర్చోరాదన్నమాట. ఆ సంఘం అడిగేవి మూడు ప్రశ్నలు. ఇది క్షేమకరమా? పనిచేస్తుందా? పెట్టిన ఖర్చుకు తగిన మేలు ఉందా? సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. కొత్త ఆధారం వెలువడితే పాత నిర్ణయాన్ని తిరగదోడవచ్చు.

మోకాలి అరుగుదలకు కీలు కడిగే ఆపరేషన్‌కు రాష్ట్రం చెల్లించనవసరం లేదని ఆ సంఘం 2008లో నిర్ణయించింది. అది పేదలకు మాత్రమే వర్తించే నిషేధం కాదు. ప్రభుత్వోద్యోగులకూ అదే తీర్పు. ఖాలా మోకాలు పేదదైనందుకు కాదు, ఆ కత్తి ఎవరి మోకాలికీ మేలు చేయలేదు గనుక జాబితాలో ఉండదగనిది అయింది.

ఈ మాట ఆమెకు చెబితే, అల్లాహ్ ప్రతి రోగానికీ మందు దించాడని మీరే జుమా ఖుత్బాలో వింటారు కదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. నిజమే, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) తన అనుచరులను ప్రోత్సహించారు. అయితే ఆ సందర్భపు హదీసులలోనే మరొక అంశం ఉంది. మందు రోగానికి సరిగ్గా తగిలినపుడే అల్లాహ్ అనుమతితో స్వస్థత కలుగుతుందని ఆయన వివరించారు. మందు ఉన్నదన్నది విశ్వాసానికి చెందిన విషయం, ఏది మందో కనుగొనడం మన శ్రమకు చెందిన విషయం. అంతేకాదు, వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడని కూడా ఆయన హెచ్చరించారు. ఫిఖహ్ పండితులు దీనిపై విస్తారంగా చర్చించారు.

ముస్లిం పాలకులు ఈ హెచ్చరికను ఆచరణలో పెట్టిన ఘట్టం ఒకటి చరిత్రలో ప్రసిద్ధం. హిజ్రీ 319లో, అంటే క్రీ.శ. 931లో, బాగ్దాద్‌లో ఒక వైద్యుని పొరపాటు వల్ల ఒక వ్యక్తి మరణించాడు. ఖలీఫా ముఖ్తదిర్ వెంటనే, పరీక్షలో నెగ్గనిదే ఎవరూ వైద్యం చేయరాదని ఆజ్ఞాపించి, ఆ బాధ్యతను సినాన్ బిన్ సాబిత్ అనే వైద్య ప్రముఖునికి అప్పగించాడు. బాగ్దాద్‌లో దాదాపు 860 మంది ఆ పరీక్షకు కూర్చున్నారని చరిత్రకారులు రాశారు. దానికి కొన్నేళ్ల ముందే మరణించిన అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ మరింత లోతుకు పోయాడు. మెదడు పొరల వాపు లక్షణాలు కనబడినవారిలో కొందరికి రక్తం తీయించి, మరికొందరిని కావాలనే రక్తం తీయకుండా విడిచి, ఇరువర్గాల గతిని పోల్చి చూశాడు. రక్తం తీయనివారికే వ్యాధి ముదిరిందని రాసుకున్నాడు. మన వ్యాసాలలో ఈ ఉదంతాన్ని గర్వంతో ఉటంకించి అక్కడితో ఆపివేస్తుంటారు. నేను ఇంకొంచెం చెప్పదలచాను. రక్తం తీయడం ఆ వ్యాధికి చికిత్స కాదని నేడు మనకు తెలుసు. కనుక రాజీ పట్టుకున్న పద్ధతి సరైనది, చేరిన నిర్ధారణ తప్పు. అంతటి మేధావి కూడా కొద్దిమందిని చూసి పొరబడ్డాడు. మోస్లీ బృందం చీట్లు వేసి, రెండేళ్లు ఆగి, లెక్కించడానికి కారణం ఆ పొరపాటును తప్పించుకోవడమే.

చికిత్సను నిరాకరించడం ఎప్పుడూ కఠినమే. వద్దన్నవాడు నిర్దయుడు, ఇమ్మన్నవాడు దయాళువు అని లోకం అనుకుంటుంది. ఈ అభిప్రాయం ఎంత ప్రమాదకరమో రొమ్ము క్యాన్సర్ చరిత్ర చూస్తే తెలుస్తుంది.

1980ల చివర నుండి అమెరికాలో ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు ఒక భయంకర చికిత్స ప్రచారంలోకి వచ్చింది. రోగి ఎముక మూలుగను ముందుగా తీసి భద్రపరచి, మామూలు మోతాదుకు అనేక రెట్ల కీమోథెరపీ ఇచ్చి, ఆ తరువాత మూలుగను తిరిగి శరీరంలోకి ఎక్కించేవారు. ఎక్కువ మందు ఇస్తే ఎక్కువ క్యాన్సర్ చస్తుందన్నది తర్కం. ఆ తర్కం నిజమో కాదో పరీక్షించక ముందే ఆశ పరుగులు తీసింది. నిరూపణ లేదని బీమా సంస్థలు నిరాకరిస్తే రోగులు న్యాయస్థానాలకు వెళ్లారు. 1993లో కాలిఫోర్నియాలో ఒక జ్యూరీ, చికిత్సకు డబ్బు నిరాకరించిన బీమా సంస్థ అప్పటికే మరణించిన రోగి కుటుంబానికి 8 కోట్ల 90 లక్షల డాలర్లు చెల్లించాలని తీర్పునిచ్చింది. కొన్ని రాష్ట్రాలు ఈ చికిత్సకు చెల్లించి తీరాలని చట్టాలు చేశాయి. బీమా సంస్థలు వెనక్కి తగ్గాయి. ఆసుపత్రులకు ఆదాయం పెరిగింది. డబ్బు దొరుకుతున్నపుడు పరిశోధనలో చేరి చీటీ పడేదాకా వేచి ఉండే రోగి ఎవరు? అందువల్ల పరీక్షలు పూర్తికావడానికి ఏళ్లు పట్టింది.

1999లో ఫలితాలు వచ్చాయి. ప్రధాన పరిశోధనలలో మామూలు చికిత్స పొందినవారికంటే వీరు ఎక్కువకాలం జీవించలేదు. దక్షిణాఫ్రికాకు చెందిన బెజ్వోడా అనే వైద్యుని పరిశోధన మాత్రం గొప్ప మేలు చూపింది. మరుసటి సంవత్సరం అమెరికా నిపుణులు జోహాన్నెస్‌బర్గ్ వెళ్లి రికార్డులు తెరచి చూడగా అది వంచన అని బయటపడింది. అప్పటికి ముప్పై వేలకు పైగా స్త్రీలు ఆ నరకం అనుభవించారు. చికిత్స వల్లనే మరణించినవారూ వారిలో ఉన్నారు. ఆ జ్యూరీ సభ్యులను నేను నిందించలేను. వారి స్థానంలో నేనున్నా అదే తీర్పు రాసి ఉండేవాడినేమో.

ఇదంతా పరాయి దేశపు కథ అనుకోవడానికి వీలులేదు. మన గడ్డమీద దీనికి చెల్లెలి వంటి కథ ఉంది, అందులో బలైనది మన అక్కచెల్లెళ్ల గర్భసంచులు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది. తెల్లబట్టకూ, నడుము నొప్పికీ, అధిక రక్తస్రావానికీ మందులతో పోయేదానికి కూడా "సంచి తీసేస్తే బాధ ఉండదు" అని చెప్పి కోసినవారు ఉన్నారు. అండాశయాలు కూడా తీసివేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారి, ఆ ఇల్లాలు వృద్ధురాలవుతుంది. దీనికంతటికీ బీమాయే కారణమనను, బీమా రాకముందూ ఈ రోగం ఉంది. కాని 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ జాబితాలో ఈ శస్త్రచికిత్స చేరిన తరువాత దుర్వినియోగంపై ఆందోళనలు రేగి, ప్రభుత్వమే ప్రైవేటు ఆసుపత్రులపై ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో బీమా సొమ్ము కోసం జరిగిన అనవసర శస్త్రచికిత్సల వ్యాజ్యంలో, రాష్ట్రాలన్నీ కట్టుదిట్టమైన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జాబితాలో లేకపోవడం ఒక అన్యాయమైతే, జాబితాలో ఉండకూడని విధంగా ఉండడం మరొక అన్యాయం. మొదటిదానికి మనం ధర్నా చేస్తాం, రెండవది మనకు కనబడదు.

మన దేశంలోనూ తూచి చూసే సంస్థ ఒకటి 2017 నుండి ఉంది. కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద పనిచేస్తుంది. శుక్లాల ఆపరేషన్‌లో ఏ కటకం అమర్చడం ఉచితమన్నది అది తొలినాళ్లలో పరిశీలించిన అంశాలలో ఒకటి. యంత్రంతో చేసే ఖరీదైన పద్ధతికి బదులు, చిన్న కోతతో చేతితో చేసి గట్టి కటకం అమర్చడమే ఖర్చుకు తగిన మేలని తేల్చింది. అయితే ఇది సలహా చెప్పే సంస్థ. వాషింగ్టన్ సంఘానికున్నట్లు చెల్లింపును శాసించే అధికారం దానికి లేదు. ప్రజల ముందు కూర్చుని వాదనలు వినే అలవాటు కూడా మన వ్యవస్థలో వేళ్లూనుకోలేదు.

ఆ అలవాటు ఎందుకు అవసరమో రెండవ దరఖాస్తు మాకు నేర్పింది. ఖర్చు లెక్కించేవారు ఎల్లవేళలా న్యాయంగానే లెక్కిస్తారని నమ్మనవసరం లేదు. వాషింగ్టన్ సంఘమే 2011లో మధుమేహ బాలల రక్తపరీక్షల విషయం చేపట్టింది. పిల్లలు రోజుకు ఇన్నిసార్లు పరీక్షించుకోవడానికి గట్టి ఆధారం ఉందా అని ప్రశ్న లేవనెత్తితే, తల్లిదండ్రులూ వైద్యులూ భగ్గుమన్నారు. సభకు వచ్చి, రాత్రి వేళ బిడ్డ చక్కెర పడిపోయి స్పృహ తప్పితే ఏమవుతుందో చెప్పారు. ఇన్సులిన్ తీసుకునే బాలలకు పరీక్షల ఖర్చు చెల్లించాలనే సంఘం నిర్ణయించింది. చర్మం కింద అమర్చి నిరంతరం చక్కెర చూపే పరికరానికి షరతులు పెట్టినా, 2018లో కొత్త ఆధారాలతో ఆ విషయాన్ని మళ్లీ చేపట్టింది. తలుపు తెరచి ఉన్నందువల్లనే తల్లిదండ్రుల మాట లోపలికి వెళ్లింది.

మన బీమా పథకాల మౌలిక లోపం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆయుష్మాన్ భారత్ ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా భరిస్తుంది గాని, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికే. ఆ ఆటో సోదరుని కుమారుడు చక్కెర అదుపు తప్పి, శ్వాస ఎగపోసుకుంటూ ఐసీయూలో చేరితే కార్డు పనిచేస్తుంది. అతడు చేరకుండా కాపాడే 20 రూపాయల పట్టీకి పనిచేయదు. లెక్కకు చూస్తే ఖాలా ఆపరేషన్ సొమ్ముతో ఆ బాలుని పట్టీలు పద్దెనిమిది నెలలు వస్తాయి. ఒకవైపు ఫలితం లేదని రుజువైన కత్తి, మరొకవైపు మానితే ప్రాణాపాయమని రుజువైన పట్టీ. ఇంత తెలిసిన తరువాత మాకు నిర్ణయం కష్టం కాకూడదు. అయినా కష్టమయింది, ఎందుకంటే ఖాలా నొప్పి అబద్ధం కాదు. ఆపరేషన్ నిరుపయోగమని చెప్పినంత మాత్రాన ఆమె మెట్లెక్కలేదు.

చివరకు ఆ బాలునికి ఒక సంవత్సరం పట్టీల ఖర్చు మంజూరు చేశాం. ఖాలాకు సర్కారు దవాఖానాలో ఎముకల వైద్యునికి చూపించాం. ఆయన ఎక్స్‌రే చూసి, ఇది కడిగితే పోయే అరుగుదల కాదని, తొడ కండరాలు బలపడే వ్యాయామమూ, బరువు తగ్గడమూ, అవసరానికి నొప్పి మాత్రలూ రాశారు. ముందుముందు మరీ నడవలేని స్థితి వస్తే కీలు మార్పిడి గురించి ఆలోచిద్దామన్నారు. అది వేరే ఆపరేషన్, దానికి వేరే ఆధారాలున్నాయి. ఫిజియోథెరపీకి రాకపోకల ఖర్చూ, మరుగుదొడ్డిలో ఎత్తు పీటా, నమాజుకు ఒక కుర్చీ కమిటీ సమకూర్చింది. అన్నీ కలిపి 6,000 రూపాయలు దాటలేదు.

ఆమె పెద్ద కుమారుడు మమ్మల్ని క్షమించలేదు. తల్లి ఆపరేషన్‌కు కమిటీ అడ్డుపడిందని నలుగురిలో అన్నాడు. ఇప్పటికీ నా సలాముకు జవాబు చెప్పి ముఖం తిప్పుకుంటాడు. ఖాలా మాత్రం గోడకు వీపు ఆనించి, కాలు చాపి, చుట్టిన తువ్వాలును మోకాలి కింద పెట్టి నొక్కే వ్యాయామం పూటకు పదిసార్లు చేస్తున్నారు. నొప్పి పోయిందా అని అడిగితే, "పోలేదు, తగ్గింది. కొంచెం" అన్నారు.

ఈ వారం కమిటీకి మరొక దరఖాస్తు వచ్చింది. ముప్పై నాలుగేళ్ల సోదరి. ముట్లలో అధిక రక్తస్రావం. గర్భసంచి తీయడానికి ఒక నర్సింగ్ హోమ్‌లో తేదీ కూడా ఇచ్చారట, 30,000 తక్కువ పడింది. డబ్బు సంగతి తరువాత చూద్దామని, మొదట ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో మరొక డాక్టరమ్మకు చూపించి రమ్మని, తోడుగా మా ఆపాను పంపాం. సోమవారం వెళ్తున్నారు.